పాత నాణేలను పాడుచేయకుండా దాచుకోవడం
(కాకినాడలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. భోజనాలకు ముందు అరగంటసేపు ఏదైనా తేలికైన విషయం మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను కోరారు. నేను ఖజానా శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. నాణేలతో నాకున్న పరిచయం ఉద్యోగరీత్యా కొంత, సరదాకొద్దీ కొంత. తేలికైన విషయమని ఆయన అన్నారు గాని, దీనివల్ల మన ఇళ్ళల్లో జరుగుతున్న నష్టం మాత్రం తేలికైనది కాదు.

మన ఇళ్ళల్లో ఏ పాత ట్రంకుపెట్టె తీసినా, దేవుడి గూట్లో వెతికినా గుప్పెడు పాత నాణేలు దొరుకుతాయి. విక్టోరియా రాణి రూపాయలు, జార్జి రాజు రూపాయలు, బేడలు, అణాలు, చిల్లుకానీలు, మనం చిన్నప్పుడు బళ్ళో జీళ్ళు కొనుక్కున్న అల్యూమినియం పైసలు. తెలంగాణ జిల్లాల్లో పనిచేసి వచ్చిన వారి దగ్గర చార్మినార్ బొమ్మ ఉన్న ఉస్మానియా సిక్కాలు కూడా చూస్తుంటాను. వీటిని ఎవరూ కావాలని పాడుచేయరు. శుభ్రం చేద్దామనే మంచి బుద్ధితోనే పాడుచేస్తారు.

ఒక ఉదాహరణ చెబుతాను. మనతో పనిచేసిన ఒక మిత్రుడు, పేరెందుకు లెండి, తండ్రిగారి నుంచి వచ్చిన వెండి రూపాయలు నూటికి పైగా ఒక గుడ్డసంచిలో దాచుకున్నారు. ఆయన పోయిన తరువాత ఇంటివారు వాటిని అమ్మదలచారు. నాణేలు కొనే ఆయన మర్నాడు వస్తానని కబురు చేశాడు. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చింతపండు, ముగ్గుపొడి వేసి, పాత టూత్ బ్రష్షులు పెట్టి రూపాయలన్నీ తోమారు. తెల్లారేసరికి అవి అద్దాల్లా మెరుస్తున్నాయి. వచ్చినాయన భూతద్దం పెట్టి పది నాణేలు చూసి, “అమ్మా, నిన్న వచ్చి ఉంటే వీటిని నాణేలుగా కొనేవాణ్ణి. ఇవాళ వెండిగానే కొనగలను” అన్నాడట. ఆ సంచిలో 1911 నాటి రూపాయలు రెండున్నాయి. ఆ సంగతి వినగానే నాకు ప్రాణం ఉసూరుమంది.

1911 రూపాయి కథ చాలామందికి తెలియదు. అయిదవ జార్జి పట్టాభిషిక్తుడైన ఆ ఏడాది ముద్రించిన రూపాయిమీద, రాజు వేసుకున్న అంగీ మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం మరీ పొట్టిగా పడటం వల్ల అది పందిలా కనిపిస్తోందని ముస్లిములు అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వం వాటిని ఆపేసింది. దాదాపు 94 లక్షలు ముద్రిస్తే 7 లక్షలు మాత్రమే బయటికి వచ్చాయనీ, మిగిలినవి కరిగించారనీ లెక్క. 1912 నుంచి ఏనుగు తొండం స్పష్టంగా కనబడేట్టు అచ్చు మార్చారు. నాణేలు కూడబెట్టేవారు ఆ 1911 రూపాయిని ‘పందిరూపాయి’ అని వెతుక్కుంటూ ఉంటారు. దాని విలువంతా రాజు గుండెమీద మినపగింజంత బొమ్మలో ఉంది. సరిగ్గా అక్కడే మనవాళ్ళు బ్రష్షు ఆడించారు.

ఇలాంటి గుర్తులు ఇంకా ఉన్నాయి. 1862 అని సంవత్సరం ఉన్న విక్టోరియా రూపాయలను 1874 దాకా అదే తేదీతో ముద్రించారు. అసలు ఏ ఏట ముద్రించారో సూచించడానికి పెట్టారని భావించే సూదిమొనంత చుక్కలు కొన్నింటిమీద ఉంటాయి. ఉస్మానియా సిక్కా మీద చార్మినార్ ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్‌ది, ‘ఐన్’ అయితే ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది. స్వాతంత్ర్యం వచ్చాక ముద్రించిన నాణేలమీద సంవత్సరం కింద అయిదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలది. ఇవన్నీ అరిగిపోతే నాణెం నోరులేని మనిషి అయిపోతుంది.

అసలు తోమితే ఏమవుతుందో కాస్త చెప్పాలి. టంకశాలలో అచ్చుల మధ్య బిళ్ళను బలంగా నొక్కినప్పుడు లోహం బొమ్మలోకి పారి, పైన కంటికి కనపడనంత సన్నటి గీతలు పడతాయి. కొత్త నాణెం తిప్పితే వెలుగు చక్రంలా తిరుగుతుంది చూడండి, అది ఆ గీతల వల్లనే. ఒకసారి తోమితే అవి పోతాయి, మళ్ళీ రావు. తరువాత మనకు కనిపించే తళతళ బ్రష్షు గీతల తళతళ. అలవాటున్న కన్ను దాన్ని క్షణంలో పట్టేస్తుంది. ఏళ్ళ తరబడి వెండిమీద పట్టిన నల్లటి, బూడిదరంగు పొర, రాగిమీద పట్టిన గోధుమరంగు పొర మురికి కాదు. అది నాణేనికి చర్మం లాంటిది. కిందనున్న లోహాన్ని అదే కాపాడుతుంది. చింతపండు పులుపు ఆ పొరను కరిగిస్తుంది, దానితో కొంత రాగిని కూడా తీసుకుపోతుంది. అందుకే చింతపండు వేసి తోమిన కానీ కొత్త బిందెలా గులాబిరంగులో ఉంటుంది. విభూతి, ముగ్గు, టూత్ పేస్టు, రాగి పాత్రలు తోమే పొడులు అన్నీ ఆకురాయి వంటివే. కంసాలి దగ్గర వెండి సామాను ముంచే ద్రావకం కూడా గీతలు పెట్టదు గాని, పై పొరను కరిగించి నాణేన్ని పాలిపోయినట్టు చేస్తుంది.

చాకలి సోడా సంగతి వేరే చెప్పాలి. మన రెండు పైసలు, మూడు పైసలు, అయిదు పైసలు అల్యూమినియంవి. సోడా నీళ్ళు అల్యూమినియాన్ని తినేస్తాయి. సోడాలో నానబెట్టిన మూడు పైసల బిళ్ళ మర్నాటికి సున్నం కొట్టినట్టు తెల్లబడి గరుకు తేలుతుంది. 1964లో మొదలైన ఆ ఆరు పలకల మూడు పైసలు ఇప్పటి పిల్లలకు వింత వస్తువు. పావలా, అంతకు తక్కువ నాణేలన్నీ 2011 జూన్ 30తో చెలామణీలోంచి పోయాయి కదా. వాటికి ధర లేకపోయినా మన బాల్యం అందులో ఉంది.

ఇక ముట్టుకోవడం. నాణేన్ని ముఖం మీద వేలు పెట్టి పట్టుకోకూడదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు పట్టుకోవాలి. చెమటలో ఉప్పు ఉంటుంది, నూనె ఉంటుంది. కొత్త రాగి నాణెం మీద ఇవాళ వేసిన వేలిముద్ర కొన్నాళ్ళకు నల్లగా తేలి, ఇక చెరగదు. సబ్బుతో కడుక్కుని బాగా ఆరిన చేతులతోనే తీయండి. కొబ్బరినూనె రాసుకున్నాక, ఆవకాయ అన్నం తిన్నాక, మోకాళ్ళకు మందు రాసుకున్నాక అసలు వద్దు. మన వయసులో చేతులు కాస్త వణుకుతాయి, సిగ్గుపడాల్సిన పనిలేదు. బల్లమీద మెత్తటి తువ్వాలు మడిచి పరిచి, దాని మీదే నాణెం చూడండి. జారిపడ్డా అంచు నొక్కుకోదు. మరో సంగతి, నాణెం మీదకు వంగి మాట్లాడకండి. తుంపర పడ్డ చోట నల్లటి చుక్క లేస్తుంది. షరాబులు రూపాయిని రాతిమీద కొట్టి మోత వినేవారు, దొంగదో మంచిదో అలా తెలిసేది. అది వాళ్ళ వృత్తి. సరదాకి మనం చేస్తే అంచుకి నొక్కు పడుతుంది. వెండో కాదో తెలియాలంటే కంసాలి దగ్గర తూకం వేయించవచ్చు. 1939 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయి బరువు తులం, అంటే 11.66 గ్రాములు. పన్నెండింట పదకొండు వంతులు వెండి. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించారు. 1947లో పులిబొమ్మ రూపాయిని నికెల్‌తో చేశారు. దానికి అయస్కాంతం అంటుకుంటుంది.

ఇందాక టీ దగ్గర ఒక సోదరి అడిగారు: “వరలక్ష్మీ వ్రతానికి మా అత్తగారి నాటి వెండి రూపాయలు పెట్టుకుంటాం, పసుపు కుంకుమ అద్దుతాం, అది కూడా తప్పేనా?” తప్పని ఎలా అంటానమ్మా? అయితే పూజకు రెండో మూడో రూపాయలు విడిగా పెట్టుకోండి, అవి ఆ ఇంటి లక్ష్మి. ఏడాదికోసారి వాటిని ఎలా తోముకున్నా మీ ఇష్టం. మిగతా వాటిని ఆ పళ్ళెంలోకి తేకండి. అలాగే పిల్లల మొలతాడుకో, మెళ్ళోకో అని రూపాయికి కొక్కెం అతికించడం. పాతకాలంలో అతికించినవి అలాగే ఉంచండి, ఊడగొట్టవద్దు, అది మీ వంశంలో ఒక నగ. కొత్తగా మాత్రం మంచి నాణేనికి టంకం పెట్టించకండి. టంకం పడిన నాణేనికి లోహం ధరే మిగులుతుంది.

అయితే మట్టి, జిడ్డు ఉంటే ఏం చేయాలి? చాలావరకు ఏమీ చేయకపోవడమే మంచిది. ఊరికే దుమ్ము అంటుకుని ఉంటే బ్యాటరీ నీళ్ళు అని పెట్రోలు బంకుల్లో అమ్మే డిస్టిల్డ్ వాటరు గాజుగిన్నెలో పోసి నాణెం వేసి ఉంచండి. రెండుమూడుసార్లు నీళ్ళు మార్చండి. బయటికి తీసి మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి పైన అద్దండి, రుద్దవద్దు. ఆ సీసామీద ఆమ్లం అని ఉందేమో చూసి మరీ కొనండి, అక్కడ రెండూ అమ్ముతారు. జిగురు, జిడ్డు అయితే రసాయనాల దుకాణంలో దొరికే స్వచ్ఛమైన అసిటోన్ పనికివస్తుంది. గోళ్ళరంగు తుడిచే సీసా కాదు, అందులో నూనె, అత్తరు కలుపుతారు. అసిటోన్ పెట్రోలు లాగా గుప్పున అంటుకుంటుంది. దీపం, పొయ్యి దగ్గరలో ఉండకూడదు, కిటికీలు తెరిచి ఉండాలి. పని మీ మనవడి చేత చేయించుకుంటే ఇంకా మంచిది. రాగి నాణేలకు కొబ్బరినూనె రాసి దాచేవారున్నారు. నూనె కొన్నాళ్ళకు మగ్గి పులిసి, పచ్చటి జిగట తేలుతుంది. మానేయండి.

దాచడం దగ్గరికి వస్తే, నా అనుభవంలో చింతపండు తరువాత ఎక్కువ నాణేలను చంపింది ప్లాస్టిక్కు. బజార్లో దొరికే కొన్ని ఆల్బములు మెత్తగా, నిగనిగలాడుతూ, కొత్త రైన్‌కోటు వాసన వేస్తుంటాయి. అవి పీవీసీవి. మెత్తగా ఉండటానికి కలిపిన పదార్థం నెమ్మదిగా చెమర్చినట్టు బయటికి వస్తుంది. పీవీసీ చెడినప్పుడు ఆమ్లం కూడా పుడుతుంది. అయిదారేళ్ళకు నాణెం మీద పచ్చటి జిగురు కనబడుతుంది. తొలిదశలో అయితే అసిటోన్ తీసేస్తుంది, ముదిరితే లోహంలో గుంటలు పడతాయి. ఎంతో ఖర్చుపెట్టి కొన్న ఆల్బములోనే నాణేలు కుళ్ళిపోవడం చూస్తే బాధ కలుగుతుంది.

మీ ఆల్బము ఏ రకమో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. సైన్సు మాష్టార్లకు తెలిసే ఉంటుంది. కరెంటు వైరు లోపలి రాగితీగ ఒకటి తీసుకోండి. తొక్క పూర్తిగా వలిచేయాలి, ఆ తొక్క కూడా సాధారణంగా పీవీసీయే. పెరట్లోకి వెళ్ళి, పట్టకారుతో తీగ పట్టుకుని మంటలో ఎర్రగా కాల్చండి. మంటలో ఆకుపచ్చ రంగు పోయేదాకా కాల్చి, ఆ వేడి తీగను ఆల్బము మూల నుంచి కత్తిరించిన చిన్న ముక్కకు తాకించి మళ్ళీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వస్తే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే పీవీసీ అయివుండవచ్చు. నాణేలు వెంటనే తీసేయండి. ఆ పొగ పీల్చకండి. పాలిథిన్, పాలీప్రొపిలీన్, పాలిస్టర్ సంచులు, గుండ్రటి గట్టి ప్లాస్టిక్ డబ్బాలు ఫరవాలేదు.

మధ్యలో పాలిస్టర్ కిటికీ ఉండే చదరపు అట్టముక్కలు చవకగా వస్తాయి, నేను అవే వాడతాను. వాటికి కొట్టిన స్టేపుల్ పిన్నుల కాళ్ళు పట్టకారుతో నొక్కి చదును చేయాలి. లేకపోతే ఒక అట్ట పిన్ను పక్క అట్టలోని నాణేన్ని గీస్తుంది. నాణెం తీయాల్సివస్తే ముందు పిన్నులు ఊడదీయాలి, అట్టను లాగి చింపితే పిన్ను నాణెం ముఖం మీదుగా వెళుతుంది.

మనలో క్యాషు చూసిన వారందరికీ రబ్బరుబ్యాండు ఒక వ్యసనం. దేనికైనా వేస్తాం. రబ్బరులో గంధకం ఉంటుంది. వెండి రూపాయల కట్టకు వేస్తే ఆ బ్యాండు ఉన్నంతమేర నల్లటి చార పడుతుంది. ఉన్ని బట్టలు, పాత వార్తాపత్రికలు, గోధుమరంగు కవర్లు కూడా వెండికి పడవు. మిఠాయి పొట్లానికి వాడే రంగుకాగితం, రంగు దిగే వెల్వెట్టు పెట్టెలు కూడా వద్దు. కొత్త ప్లైవుడ్ బీరువా జిగురు నుంచి వచ్చే ఆవిరి అన్నిటికీ చెడ్డదే, సీసపు నాణేలకు మరీ చెడ్డది. శాతవాహనులు సీసంతో నాణేలు చేయించారు. అవి ఎవరి దగ్గరైనా ఉంటే కొయ్యపెట్టెలో అసలు పెట్టవద్దు, తెల్లటి పొడిగా రాలిపోతాయి. ఇనుప బీరువా మేలు. అందులో కలరా ఉండలు మాత్రం నాణేల పక్కన పెట్టకండి.

మన కాకినాడలో గాలి సంగతి మీకు తెలియనిది కాదు. సముద్రపు తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. రాగి, కంచు నాణేలకు ఒక రోగం వస్తుంది. మామూలుగా ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, నున్నగా ఉండే పొర మంచిదే, దాని జోలికి పోవద్దు. లేత ఆకుపచ్చ రంగులో పొడిలా లేచి, గోటితో తాకితే రాలుతుంటే అది ఉప్పు చేసిన రోగం. తేమ ఉన్నంతకాలం లోపల్లోపల తొలుస్తూనే ఉంటుంది. అలాంటి దానిని తక్షణం వేరుచేసి, పొడిగా ఉండే డబ్బాలో ఒంటరిగా ఉంచండి. అల్యూమినియం పైసలను, రాగి కానీలను ఒకే డబ్బాలో కలపవద్దు. తడి తగిలిందంటే రెండు లోహాల మధ్య రసాయన చర్య జరిగి అల్యూమినియం తినిపోతుంది.

తేమకు సిలికా జెల్ వాడాలి. నీలంరంగు గుళికలు తేమ పీల్చుకున్నాక గులాబిరంగుకు మారతాయి. సన్నటి సెగమీద పాత బాణలిలో వేడిచేస్తే మళ్ళీ నీలం వస్తుంది, ఆ బాణలి మరి వంటకు వాడకూడదు. నీలంరంగులో కోబాల్టు ఉంటుంది, పిల్లలకు అందకుండా పెట్టాలి. నారింజరంగువి కూడా దొరుకుతున్నాయి. గుళికలు నాణేలకు తగలకుండా గుడ్డమూటలో కట్టి పక్కన పెట్టండి. మందుసీసాల్లో వచ్చే చిన్న పొట్లాలు అప్పటికే పీల్చగలిగినంత పీల్చేసి ఉంటాయి, వాటిని నమ్మకండి. బ్యాంకు లాకరులో పెట్టేశాం, ఇక బెంగలేదు అనుకోకండి. లాకరు గదులు కొన్ని నేలమాళిగల్లో ఉంటాయి, తేమగా ఉంటాయి. వర్షాకాలం వెళ్ళాక ఒకసారి, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలో ఒకసారి తెరిచి చూసుకోండి.

ఇక పిల్లలకు అప్పజెప్పడం. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్నారు. వచ్చినప్పుడు తాతగారి రూపాయలు ఇచ్చి పంపుదామనుకుంటారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, సొంత ఇంటిదైనా సరే. విక్టోరియా, ఎడ్వర్డు రూపాయలు, 1911 రూపాయి అందులోకే వస్తాయి. ఏడాది గడిచేకొద్దీ అయిదవ జార్జి నాణేలు ఒక్కో ఏడాదివి ఆ లెక్కలో చేరుతుంటాయి. విమానాశ్రయంలో పిల్లలు ఇబ్బంది పడకుండా వాటిని ఇక్కడే ఉంచండి. పునాదులు తవ్వుతుంటే నాణేల కుండ బయటపడిందంటే 1878 చట్టం ప్రకారం కలెక్టరు గారికి తెలియజేయాలి, దాచుకోకూడదు.

పాత నాణేనికి లక్షలిస్తామని ఫోన్లు చేసి, ముందుగా రుసుము కట్టమనేవారి మాట నమ్మకండి. తమ పేరు వాడుకుని పాత నాణేలు, నోట్ల లావాదేవీలకు రుసుము, కమీషను అడిగేందుకు ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి నాణేనికీ సంవత్సరం, తూకం, ఎవరి నుంచి వచ్చిందీ రాయండి. రెండు పక్కలా ఫోటో తీయించండి. ‘మా మేనత్త పెళ్ళినాటి చదివింపు’ అని మీరు రాయకపోతే ఆ సంగతి మీతోనే పోతుంది. మొదటి పేజీలో మాత్రం పెద్ద అక్షరాలతో ‘ఎవరూ తోమకూడదు’ అని రాసిపెట్టండి. నా పుస్తకంలో అది ఎర్రసిరాతో ఉంది. మా ఆవిడ దాన్ని చూసి ఇప్పటికీ నవ్వుతూ ఉంటుంది.

భోజనాలయ్యాక కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను. భూతద్దం, తువ్వాలు, చిన్న తూకపు త్రాసు తెచ్చాను. నాణేలు తెచ్చిన వారు తీసుకురండి. ఎలా ఉన్నవి అలాగే తీసుకురండి, దారిలో కుళాయి దగ్గర కడగకండి. చేతులు మాత్రం కడుక్కుని రండి, ఇవాళ గుత్తివంకాయ కూరట. సెలవు.